గడప ముందు పిండిన పాలు

"ఇవాళ్టి నుంచి పాలొద్దు, పో," అన్నాడు పటాలం గేటు దగ్గరి సిపాయి.

నార్దు జెరాఫా అదేదో పరాచికమనుకుని నవ్వాడు. మీసాలు రాకముందు నుంచీ ఈ గేటు ముందే మేకల్ని నిలబెట్టి ఇంగ్లీషు సైన్యానికి పాలు పిండుతున్న మనిషి. వానలు కురిసినా, ఊళ్ళో దేవుడి ఉత్సవమైనా, ఆఖరికి భార్య శవం ఇంట్లో ఉన్న రోజున కూడా మానలేదు. అలాంటివాణ్ణి పట్టుకుని పో అంటాడా, నిన్నగాక మొన్న ఓడ దిగిన ఈ ఎర్రమొహంవాడు!

"ఎందుకొద్దు? నిన్నటివి విరిగాయా?"

"ఆర్డరు."

"ఎవరి ఆర్డరు? ఏమని?"

సిపాయికి మాల్టా భాషలో వచ్చినవి నాలుగు ముక్కలు, అందులో మూడు బూతులు. వాటిలో ఒకటి వాడేసి, తుపాకీతో దారి చూపించాడు. సరిగ్గా అప్పుడే ఒక బండి గేటు లోపలికి వెళ్ళింది. దాని నిండా డబ్బాపాల పెట్టెలు, ప్రతి పెట్టె మీదా ఆవు బొమ్మ. నార్దు ఆ బొమ్మకేసి చూసి, తన మేకలకేసి చూశాడు.

"ఓహో, ఇదా మీ ఎత్తు! మా నోటికాడి కూడు లాగేసి మీ డబ్బాలు అమ్ముకుంటారా? అమ్ముకోండిరా, అమ్ముకోండి!"

అతనికి ఈ అనుమానం ఈస్టరు నుంచే ఉంది. ఈస్టరు వెళ్ళిన వారంలో వెల్బీ అనే పొడుగాటి సైనిక డాక్టరు వచ్చి, మేకల చెవుల్లో సూదులు గుచ్చి గాజు గొట్టాల్లోకి నెత్తురు తీసుకున్నాడు. ఎందుకు బాబూ అంటే "పరీక్ష" అన్నాడు. మేకను చూడ్డానికొచ్చినవాడు పళ్ళు చూస్తాడు, పొదుగు తడుముతాడు. నెత్తురెవడు చూస్తాడు? ఇప్పుడు సంగతంతా తేటతెల్లమైంది. ముందు మేకలకేదో రోగమంటారు, తర్వాత పాలు మానేస్తారు, ఆపైన దీవిలోని మేకలన్నిటినీ నరికించి ఇంటింటికీ ఆవు బొమ్మ అంటగడతారు. దొరలు ఊరికే సూది గుచ్చరు.

పొదుగులు నిండుగా ఉన్న మేకల్ని తోలుకుని బిర్కిర్కారా ఊళ్ళో ఇంటికి చేరేసరికి కూతురు మికెలీనా గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒక్కగానొక్క కూతురు. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవకుండా పోయి, ఇన్నేళ్ళకు మూడోది నిలిచింది. పుట్టబోయే ఆ బిడ్డ మీదే నార్దు ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు.

"ఇవాళ ఇంత పెందరాళే వచ్చేశావేం నాన్నా?"

"దొరలకు మన పాలు చేదయ్యాయట. మంచిదే! దొర వద్దంటే నా దొరసాని తాగుతుంది. గిన్నె తే తల్లీ."

మందలో బైదా అనే తెల్లమేక ఉంది. దాని పాలు ఇన్నాళ్ళూ పటాలానికే వెళ్ళేవి. ఆ రోజు మికెలీనా గిన్నెలోకి నురగలు కక్కుతూ పడ్డాయి. ఆమె వేడివేడిగా గటగటా తాగి మూతి తుడుచుకుంటే నార్దుకు పోయిన పరువు సగం తిరిగొచ్చినట్టయింది.

రాత్రి అల్లుడు ఇంద్రి డాక్‌యార్డు నుంచి వచ్చాడు. రొట్టె మీద టమాటా రుద్ది, నూనె పోసుకుని తింటూ నసుగుతున్నాడు. ఏదో చెప్పాలని ఉంది, మామ నోటికి భయం.

"కక్కరాదురా, ఎందుకా నసుగుడు!"

"మా మేస్త్రీ అన్నాడు మామా. ఊళ్ళో ఆ వచ్చీపోయే జ్వరం ఉంది చూడు, అది మేకపాల వల్లే వస్తోందట. అందుకే పటాలంలో మానేశారట. కాచి తాగితే ఫరవాలేదట."

"మీ మేస్త్రీ మేకల వైద్యం ఎప్పుడు నేర్చాడు? ఓడలకు మేకులు కొట్టడం అయిపోయిందా?"

"చెప్పింది డాక్టర్లు. వాళ్ళు చెప్పిందల్లా అబద్ధమేనా? డాక్‌యార్డు ఎవరు కట్టారు? మన వీధిలో సగం పొయ్యిలు దాని వల్లే వెలుగుతున్నాయి. మంచినీళ్ళ గొట్టాలెవరు వేశారు?"

"ఎవరి కోసం కట్టార్రా? వాళ్ళ ఓడల కోసం. రేపు ఓడలు ఇంకో రేవుకి పోతే నీ పొయ్యి సంగతి చూద్దువుగాని. గొట్టం వాళ్ళ పటాలానికి వెళ్తుంటే దారిలో మన ఊరు తగిలింది, అంతే."

"ఆ నీళ్ళు నువ్వు తాగట్లేదా?"

"తాగుతున్నాను. ఎంగిలి అని తెలిసే తాగుతున్నాను. ఫ్రెంచివాళ్ళని వెళ్ళగొట్టమని వీళ్ళని పిలిచింది మన తాతలే. వచ్చారు, వెళ్ళగొట్టారు, మెచ్చుకుందాం. మరి ఆ తర్వాత ఇంటికి వెళ్ళాలని ఒక్కడికైనా గుర్తొచ్చిందా?"

"వాళ్ళు పోతే ఇటలీవాడొస్తాడు. వాడు నీకు గొట్టం కూడా వెయ్యడు."

"మీరిద్దరూ ఆపుతారా?" అంది మికెలీనా. "కడుపులో వాడు వింటున్నాడు. పుట్టగానే నువ్వెవరి పక్షంరా అని వాణ్ణీ నిలదీసేట్టున్నారు."

ఇంద్రి నవ్వేసి, "నువ్వు మాత్రం కాచుకునే తాగు," అన్నాడు భార్యతో.

నార్దు చేతిలో రొట్టె కింద పడేసి లేచాడు. కాచడమా! ఆ ఊళ్ళో కాచిన పాలకు అర్థం ఒకటే. నీళ్ళు కలిపి, ఆ సంగతి తెలియకుండా పొయ్యెక్కించారని. ఏ ఇల్లాలైనా తన గిన్నె తనే పొదుగు కింద పట్టుకుంటుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడవమంటుంది, లోపల నీళ్ళ తిత్తి దాచుకున్నాడేమోనని. ధార పడుతున్నంతసేపూ రెప్ప వెయ్యదు. ఇంతమంది అనుమానపు కళ్ళ ముందు ముప్పై ఏళ్ళు పిండి, ఒక్క మాట పడకుండా బతికినవాడి పాలు సొంత ఇంట్లో కాస్తారా?

"నీకు ఆ దొర మీదున్న నమ్మకం నా మీద లేదన్నమాట," అన్నాడు.

మర్నాడు ఇంద్రి పనికి వెళ్ళేదాకా ఆగి, బైదాను గడప ముందుకు తెచ్చాడు నార్దు. మికెలీనా గిన్నె పట్టుకుని తటపటాయించింది.

"కాచనా నాన్నా? ఆయన మరీ మరీ చెప్పి వెళ్ళాడు."

"నీ కళ్ళెదుట పిండుతున్నాను కదే. నన్నే నమ్మవా?"

నమ్మింది. తాగింది. ఆ రోజే కాదు, ఆ దీవిలో జూన్‌లో మొదలయ్యే వేసవంతా తాగింది. కాచే ఇస్తున్నావా అని అల్లుడు అడిగినప్పుడల్లా నార్దు "ఆఁ, ఆఁ" అని తల ఊపేవాడు. అబద్ధం చెప్తున్నానని అతనికి అనిపించలేదు. దొర అబద్ధాన్ని ఇంట్లోకి రానివ్వకుండా కాపలా కాస్తున్నాననుకున్నాడు.

ఆగస్టు మొదట్లో మికెలీనాకు జ్వరం తగిలింది. వారం రోజులు కాలిపోయేది, తర్వాత నాలుగు రోజులు చల్లబడి లేచి తిరిగేది, హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ పడిపోయేది. ఒళ్ళంతా చెమటలు, నడుము విరిగిపోతోందని ఏడుపు. నార్దు రోగాలు నయం చేసే పునీతుడు సాన్ రొక్కుకు మొక్కుకుని, ఆయన ఉత్సవంలో ఎర్రటి ఎండలో ఉత్త కాళ్ళతో నడిచాడు. వచ్చి ఇంకో గిన్నె పాలు పిండాడు. ఒంట్లో సత్తువ ఉంటేనే కదా బిడ్డ నిలబడేది! పిచ్చి మనిషి, ప్రేమ కొద్దీ రోజూ రెండు పూటలకు మూడు పూటలు చేశాడు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం పక్కింటి చెన్సా తన గుమ్మంలో కూలబడి శోకాలు పెడుతోంది. ఆమె సైనిక ఆసుపత్రి దుప్పట్లు ఉతికి బతుకుతుంది.

"ఏమైంది చెన్సక్కా?"

"నా పని పోయింది నార్దూ! జ్వరం వార్డు మూసేశారు."

"మూసెయ్యడమేంటి?"

"రోగులు లేరట! పోయిన ఏడాది ఈపాటికి చెమట దుప్పట్లు ఉతకలేక నా రెట్టలు పడిపోయేవి. ఈ ఏడు వేసవి నుంచీ తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు ఒక్కటీ లేదు. అంత జ్వరం ఎక్కడికి పోతుంది చెప్పు? నన్నడిగితే జ్వరమొచ్చినవాళ్ళని గుట్టుగా ఓడెక్కించి నడిసముద్రంలో తోసేసుంటారు. వీళ్ళు ఎంతకైనా తగుదురు."

ఇంకో రోజైతే నార్దు ఆ మాట అందుకుని గంటసేపు సాగదీసేవాడు. ఆ రోజు ఒక్క ముక్కే చెవిలో మిగిలింది. వేసవి నుంచీ. పటాలం పాలు మానిందీ వేసవిలోనే. మానినవాళ్ళకు జ్వరం పోయింది. మరి ఆ పాలు తాగుతున్నవాళ్ళకు? మేకల్ని చెన్సా గుమ్మం ముందే వదిలేసి, రేవు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

వెల్బీ ఆసుపత్రి వరండాలో చుట్ట కాల్చుకుంటున్నాడు. ఆ దీవిలో చాలా ఏళ్ళుగా ఉన్నవాడు కాబట్టి అక్కడి భాష బాగానే వచ్చు. చెమటలు కక్కుతూ వచ్చిన మేకలవాణ్ణి చూసి, గొడవకొచ్చాడేమోనని కాపలావాడికి సైగ చేశాడు.

"నా తెల్లమేకకు రోగముందా?" అన్నాడు నార్దు.

వెల్బీ అతన్ని ఎగాదిగా చూశాడు. "ఉంది. నీ మందలో సగానికి ఉంది."

"అబద్ధం! రోగముంటే మేత మేస్తుందా? కుండెడు పాలిస్తుందా?"

"చిక్కంతా అక్కడే. మేకకు పైకేమీ కనపడదు. ఆ పాలు పచ్చివి తాగినవాళ్ళకు జ్వరమొస్తుంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"వేసవి మొదట్లో."

"నా మేకల నెత్తురు తీసుకెళ్ళి నీ సిపాయిల్ని బతికించుకున్నావు. నాకొక్క మాట చెప్పడానికి నోరు రాలేదా?"

"నాకప్పగించింది సైన్యాన్ని. ఊరి మంచిచెడ్డలు చూడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకు చెప్పాం. మేకలవాళ్ళు తిరగబడతారని వాళ్ళు గట్టిగా చాటించలేదు." వెల్బీ చుట్ట నలిపేశాడు. "నిజం చెప్పు. నేను నీ ఇంటికొచ్చి చెప్పుంటే నమ్మేవాడివా?"

నార్దు తిట్టడానికే నోరు తెరిచాడు. నమ్మేవాడు కాదు. ఆ సంగతి ఈ పొడుగాడికి బాగా తెలుసు, తెలుసు కాబట్టే హాయిగా ఊరుకున్నాడు.

"నమ్మకపోవడం నా పాపం," అన్నాడు చివరికి. "చెప్పకపోవడం నీది. నా పాపం చూపించి నీది కడుక్కోకు."

దొర మొహం కందింది. మెల్లగా అడిగాడు: "మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా?"

"నా కూతురికి. ఏడో నెల."

"ఆ పాలు ఆపెయ్యి, ఇవాళే. ఆమె కోలుకోవచ్చు." బిడ్డ సంగతి ఎత్తలేదు. నార్దు అడగనూ లేదు.

తిరిగొచ్చే దారంతా అనుమానం అతన్ని వదల్లేదు. మేకల్ని నరికించడానికి దొర కట్టిన కథేమో ఇదంతా? అలాగే అయితే ఎంత బాగుండు! దేవుడా, వాణ్ణి అబద్ధాలకోరును చెయ్యి, మోసగాణ్ణి చెయ్యి, నా మేకలన్నీ వాడికే ఇచ్చేస్తాను అని దారి పొడుగునా మొక్కుతూ నడిచాడు.

మికెలీనా మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉంది. తండ్రి చెప్పిందంతా కదలకుండా వింది. ఆఖర్న కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"వీడు నిన్నటి నుంచి కదలడం లేదు నాన్నా. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

నార్దు మంచం పట్టె పట్టుకుని కింద కూర్చున్నాడు.

"కాచనా అని అడిగాను కదా," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే అతను తట్టుకునేవాడు.

మంత్రసాని వచ్చింది. తెల్లవారేసరికి బిడ్డ బయటపడ్డాడు. మగబిడ్డ, గోళ్ళతో సహా అన్నీ చక్కగా ఏర్పడ్డాయి, ఊపిరి మాత్రం లేదు. ఇంద్రి ఆ చిన్న పెట్టెను సంకలో పెట్టుకుని శ్మశానానికి వెళ్తూ, వెంట రాబోయిన మామను గుమ్మం దగ్గరే ఆపేశాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడంతే.

నార్దు వీధిలో నిలబడిపోయాడు. నిన్నటి నుంచి పిండని మేకలు పొదుగులు సలిపి అరుస్తున్నాయి. ఆ అరుపులకు ఒక్కొక్క తలుపే తెరుచుకుని ఆడవాళ్ళు గిన్నెలతో బయటికొచ్చారు.

"తాగకండమ్మా," అన్నాడు. "నా మేకలకు రోగముంది. ఈ పాలే నా మనవణ్ణి మింగేశాయి. తాగితే కాచుకుని తాగండి, లేదా మానెయ్యండి."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నార్దు బైదా పక్కన గొంతుక్కూర్చుని, కింద గిన్నె లేకుండానే పిండడం మొదలుపెట్టాడు. తెల్లటి ధార రాళ్ళ మీద పడి, సందుల్లోంచి కాలవలోకి పారింది. బైదా అయిపోయాక ఇంకో మేక, తర్వాత ఇంకొకటి.

"అయ్యో అయ్యో, బంగారంలాంటి పాలు! ఈయనకు మతి పోయింది!" అంది ఒకామె.

"మతీ పోలేదు, గితీ పోలేదు," అంది ఇంకొకామె గొంతు తగ్గించి. "నిన్న సైనిక ఆసుపత్రికి వెళ్ళి ఆ పొడుగు డాక్టరుతో మాట్లాడొచ్చాడట. ఏం మాట్లాడుకున్నారో, ఏం కుదుర్చుకున్నారో."

"ఊరుకోవే, పాపం," అంది చెన్సా. "బిడ్డ పోయిన దుఃఖం అది. నార్దూ, లే నాయనా, ఇంట్లోకి పద."

నార్దు లేవలేదు. అంతలో చర్చి వెనక సందులోంచి పొరుగూరి మేకలవాడు గంటలు మోగించుకుంటూ తన మందను తోలుకొచ్చాడు. ఆడవాళ్ళు పాల మడుగును దాటుకుంటూ, గిన్నెలు పట్టుకుని అటు నడిచారు. చెన్సా కూడా కాసేపు ఆగి, తన గిన్నె తెచ్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళింది.