పై ఇంటి నిప్పు

కొండమెట్ల రెండో మలుపు దగ్గర తెక్‌సు ఎప్పటిలాగే వెనక్కి వాలి, వీపు మీది చెక్క చట్రాన్ని గోడకు ఆనించి ఊపిరి పీల్చుకున్నాడు. చట్రంలో గుండ్రటి బొగ్గుబిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కో బిళ్ళ నిండా తేనెపట్టులా చిల్లులు. రాత్రంతా కురిసిన మంచు మెట్ల మీద గట్టిపడి అద్దంలా మెరుస్తోంది.

తాళ్ళు రాసుకుని అతని భుజాలు కాయలు కాశాయి. మెడ మడతల్లోని నలుపు ఎంత రుద్దినా వదలదు. పెళ్ళి ఫొటోలో కూడా చెవి వెనక నల్లటి గీత కనిపిస్తోందని భార్య బతికున్నన్నాళ్ళూ నవ్వేది. అరవై దాటినా కొండ ఎక్కేటప్పుడు అతను ఈల వేయడం మానలేదు. ఒకప్పుడు ఆ ఈల వినబడగానే కొండవాడలో ప్రతి తలుపూ తెరుచుకునేది. నిరుడు వృద్ధుల సంఘం భవనం కప్పు మీద సోలార్ పలకలు బిగించారు. గదులు వెచ్చబడేలా ఇళ్ళలో నేల కింద కరెంటు తీగలు పరిచారు. ఆ తర్వాత పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇప్పుడు మిగిలింది కొండ కొసన ఓక్‌బున్ అవ్వ ఇల్లు ఒక్కటే. ఆమె గదిలోనూ తీగలు వేశారు గానీ, ఆమె మీట నొక్కిన పాపాన పోలేదు.

“ఏమయ్యా తెక్‌సూ, ఆ బరువు దించి ఇలా రా!” వాడపెద్ద మల్‌హీ తన అంగడి ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. “పలకల మీద మంచు పేరుకుపోయింది. కప్పెక్కడానికి నువ్వు తప్ప దిక్కెవరు?”

“బొగ్గు మోసేవాణ్ణి పిలిచి సూర్యుడి మొహం తుడవమంటావా?”

“తుడువు, ఏం పోయింది! వేడివేడిగా నూడుల్స్ పెడతా.”

“గుడ్డు వేస్తావా?”

“రెండేస్తా. జారిపడ్డావంటే మాత్రం గుడ్డు లేదు.”

అతను కప్పెక్కి మంచు ఊడ్చాడు. కింద నిగనిగలాడే పలకలు బయటపడ్డాయి. మబ్బు చాటు నుంచి ఎండ వచ్చి వాటి మీద పడింది. అతను వంగి చూశాడు. ‘ఇవీ నల్లగానే ఉన్నాయే!’ అనుకున్నాడు. ఎందుకో వాటి మీద కోపం రాలేదు.

తిన్నాక బరువెత్తుకుని పైకి వెళితే, అవ్వ వాకిట్లో ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంత వాలు మెట్ల మీద కాలు నిలవాలంటే కాలిన బిళ్ళను చితక్కొట్టి చల్లాల్సిందే. వాడ మొత్తానికి ఇప్పుడు బూడిద పుట్టేది ఈ ఒక్క పొయ్యిలోనే.

“నిన్నటిదాకా పొగ కంపని ముక్కులు మూసుకున్నారు, ఇవాళ బకెట్లు తెచ్చారు!” అంటూనే అవ్వ అందరికీ పంచిపెట్టింది. వాళ్ళు వెళ్ళాక తెక్‌సు వైపు తిరిగింది. “బొగ్గు దించకు. ముందు లోపలికి రా.”

గదిలో కిటికీ మూసి ఉంది. తెక్‌సు ఆశ్చర్యపోయాడు. బొగ్గు గాలి తలకెక్కుతుందన్న భయంతో ఆమె ఏ చలికాలమూ ఆ కిటికీ పూర్తిగా మూసింది లేదు.

“సముద్రం ఒడ్డున సాక్‌చోలో మా చెల్లెలు రమ్మని ప్రాణం తీస్తోంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదురా నేను. నిప్పు ఆరిపోతుందని భయం. పొద్దున్నుంచి పొయ్యి వేడి గది కిందికి రాకుండా మూసి, ఆ కరెంటు మీట వేసి ఉంచా. నాకేమో నమ్మకం కుదరట్లేదు. నువ్వు నేల మీద పడుకుని చెప్పు.”

“నా కూడు పోయే సంగతి నన్నే అడుగుతావా అవ్వా?”

“అందుకేరా అడిగేది! మల్‌హీ ఎలాగూ బాగుందనే అంటుంది. నువ్వు బాగుందంటేనే అది నిజం.”

అతను కోటు విప్పి వెల్లకిలా పడుకున్నాడు. చల్లగా ఉందని ఒక్క మాట అంటే చాలు. ఈ చలికాలమంతా కొండ ఎక్కవచ్చు.

“మరి రాత్రికి సూర్యుడు ఉండడు కదా?” అంది అవ్వ.

“పగటిది పెట్టెల్లో దాస్తారట.”

“వరసగా మబ్బులు పడితే?”

“తీగల్లో వస్తుంది. సముద్రం ఒడ్డున ఎక్కడో బొగ్గు మండించి పంపుతారు.”

“అయితే బొగ్గు పోలేదన్నమాట!”

“ఇంకా పోలేదు. ఎప్పటికి పోతుందో నాకేం తెలుసు? కానీ నిప్పు ఆరకుండా బిళ్ళ మార్చడానికి అర్ధరాత్రి లేచేది మాత్రం నువ్వు కాదు.”

ఆ తర్వాత ఏమన్నాడో అతనికే తెలియదు. వీపు కిందినుంచి వేడి పాకి, కాయలు కాసిన భుజాలను మెత్తబరిచింది. కళ్ళు తెరిచేసరికి అవ్వ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

“అబద్ధం చెబుదామనుకున్నావేమో గానీ, నీ గురక సాక్ష్యం చెప్పేసిందిరా!”

తెక్‌సు లేచి కూర్చుని తనూ నవ్వాడు. “వెచ్చగా ఉంది అవ్వా. వెళ్ళిరా.”

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడింది. పూర్వం నిప్పు ఆరితే పక్కింటి నుంచి మండే బిళ్ళ తెచ్చుకునేవారు. ఇప్పుడు ఆరిందంటే ఇచ్చేవాళ్ళెవరూ లేరు. అయినా ఆమె కొత్త బిళ్ళ వేయలేదు. మూత పెట్టి చేతులు దులుపుకుంది.

మల్‌హీ తన బొచ్చు బూట్లు తెచ్చి ఆమెకు తొడిగింది. తెక్‌సు ఆమెకు ఎదురుగా, వెనక్కి అడుగులేస్తూ మెట్టుమెట్టుకూ బూడిద చల్లాడు. దాని మీద అవ్వ పెళ్ళికూతురిలా దిగింది.

“ఎప్పుడొస్తావ్?” అంది మల్‌హీ.

“చేపల రుచిని బట్టి!” అని నవ్వుతూ బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగాక మల్‌హీ ఖాళీ బకెట్ వైపు చూసింది. “మరి రేపటి నుంచి మెట్ల మీద ఏం చల్లుతామయ్యా?”

“ఏటి ఇసుక. మోయడానికి నా వీపుందిగా! గుడ్లు మాత్రం రెండు వేయాలి.”

దించని బొగ్గు వెనక్కి తీసుకుపోదామని అతను మళ్ళీ పైకి ఎక్కాడు. పొయ్యిలో బిళ్ళ అంచులు తెల్లబడుతున్నాయి. పక్కన రాతి మీద అవ్వ రబ్బరు చెప్పులు, నిప్పురవ్వలకు ముందుభాగం కమిలి, పొయ్యి వైపే తిరిగి ఉన్నాయి. వంగి ఒకదానిలో చెయ్యి పెట్టి చూశాడు, లోపల ఇంకా వెచ్చగానే ఉంది.