హార్లన్ రాసిన బరువు

మా మంచుకొండ మీద స్నోబోర్డులు అద్దెకిచ్చే కొట్లో ముప్ఫై ఏళ్ళు బల్ల వెనక నిలబడ్డాను. చదువు పెద్దగా అబ్బలేదు గానీ, మనిషి తలుపు దాటి నాలుగడుగులు వేసేలోపే మంచు మీద జారడానికి అతనికి ఏ బోర్డు సరిపోతుందో చెప్పగలను.

భారీ ఒళ్ళున్నవాళ్ళతోనే చిక్కు. వాళ్ళకి బోర్డు పొడుగ్గా ఉంటే చాలదు, మధ్యలో వెడల్పు కూడా కావాలి. లేకపోతే బూటు రెండువైపులా బయటికి పొడుచుకొస్తుంది. గట్టి మంచు మీద ఒరిగితే బోర్డు అంచు కంటే ముందు మడమ నేలకి తగులుతుంది. మడమ తగిలిందా, అంచు లేస్తుంది. ఇక ఆ మనిషిని దేవుడు కూడా ఆపలేడు. బోర్డు గట్టిదై ఉండాలి, కాళ్ళని పట్టే పట్టీల అడుగున ఇనుము ఉండాలి. ఇవన్నీ కుదరాలంటే అద్దె కాగితం మీద నిజం బరువు రాయాలి.

ఎవడు రాస్తాడు? ఆడవాళ్ళు పది పౌన్లు తగ్గిస్తారు, మగాళ్ళు ఇరవై. మేం కిమ్మనకుండా ఇరవై కలుపుకుని బోర్డు తీసిస్తాం. అది మా కొట్టు మర్యాద.

హార్లన్ మా అన్న కూతురు కొరీన్ మొగుడు. తొమ్మిదేళ్ళుగా మా కొండ రెస్క్యూ జట్టులో పనిచేస్తున్నాడు. కాలు విరిగినవాళ్ళని మంచుబండిలో పడుకోబెట్టి, తను ముందు కాడి పట్టుకుని బోర్డు మీద కిందికి దించుతాడు. వెనక ఇంకొకరు తోక తాడు పట్టుకుని బండి అతని మీదికి దూసుకురాకుండా ఆపుతారు. మొన్న వసంతంలో హార్లన్‌కి వెన్నుకి ఆపరేషన్ అయింది. ఆరునెలలు మంచం మీద ఉన్నాడు. లేచేసరికి ఒళ్ళొచ్చి, పాత చొక్కాలన్నీ కొరీన్ తమ్ముడికి ఇచ్చేయాల్సొచ్చింది.

డిసెంబరులో మళ్ళీ పరీక్ష. బరువు నింపిన బండిని ఏటవాలు దారిలో పడకుండా దించాలి. దించితే ఉద్యోగం ఉంటుంది. ఉద్యోగం ఉంటేనే కంపెనీ ఇచ్చిన ఇల్లు ఉంటుంది. మా ఊళ్ళో బయట ఇల్లు దొరకడమంటే కుందేటికి కొమ్ము దొరకడమే.

నవంబరులో ఒక శనివారం కొత్త బోర్డు చూసుకుందామని మా కొట్టుకొచ్చాడు. కొట్టు నిండా జనం.

"రావయ్యా అల్లుడూ! తలుపు రెండో రెక్క కూడా తియ్యమంటావా?" అన్నాను.

"మొదలెట్టావా మామా! నీకిది లేకపోతే అన్నం అరగదు," అని నవ్వాడు.

"తూకం ఎక్కు. ఊరికే ఎక్కవయ్యా, దాని సత్తా కూడా తేలాలిగా."

ఎక్కాడు. మూడొందల రెండు పౌన్లని అతని కంటే ముందు నేను చూసి, వెనకనించి బూటు కొనతో తూకం పలకని నొక్కాను. ఇది నా పాత వేషం, అందరి మీదా వేసిందే. అంకెలు మూడొందల నలభై చూపించాయి.

కొట్లో నాతో పనిచేసే డార్లాని కేకేశాను. "డార్లా! ఈయనకి బోర్డొద్దు, బండే ఇచ్చెయ్. కొండని ఈయన కిందికి లాక్కొచ్చేట్టున్నాడు!"

కొట్టంతా గొల్లుమంది. బూట్ల దగ్గర కూర్చున్న అతని జట్టువాళ్ళు ఇద్దరు బెంచీ మీద చరుస్తూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి. నా కాలు చూపించి, "వేళాకోళంరా, నువ్వు మూడొందల రెండే," అందామనుకున్నాను. ఈలోపు ఎవరో చేతి తొడుగులు అడిగారు. తిరిగి చూసేసరికి అతను లేడు.

పరీక్ష ముందురోజు సాయంత్రం కొట్టు సర్దుతుంటే డార్లా కాగితాల కట్టలో హార్లన్ పేరు కనిపించింది. నేను లేని పూట చూసుకుని వచ్చి బోర్డు తీసుకెళ్ళాడు. బరువు దగ్గర రెండొందల నలభై అని రాసి ఉంది.

"ఏం డార్లా, ఇది నమ్మావా నువ్వు?"

"కోటేసుకుని వచ్చాడు. ఈ ఊళ్ళో కోటేసుకుంటే అందరూ బస్తాలే. ఇరవై కలిపి నూట అరవై రెండు సెంటీమీటర్ల బోర్డు ఇచ్చాను. ఆ సైజేగా ఎప్పుడూ తొక్కేది?"

అరవై రెండు పౌన్లు తగ్గించాడు! నా ఇరవై లెక్క ఎక్కడ సరిపోతుంది? ఆ బోర్డు అతని బూట్లకి ఇరుకు, అతని ఒంటికి మెత్తన. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెయ్యొచ్చు. ఒక్క నిమిషం మాట.

అప్పుడే బుర్రలో పాడు ఆలోచన తగిలింది. ఫోన్‌లో చెప్తే ఏం మజా? వాడికని నేనే పక్కన పెట్టిన నూట అరవై ఎనిమిది సైజు, వెడల్పాటి బోర్డు ఉంది. దానికి ఎర్ర రిబ్బను కట్టి, "మా ఇంటి ఏనుగుకి" అని అట్ట తగిలించి, పొద్దున జట్టంతా ఉన్నప్పుడు తీసుకెళ్ళి ఇస్తాను. ఒక నవ్వూ అవుతుంది, పనీ అవుతుంది. పరీక్ష తొమ్మిదింటికి కదా.

ఫోన్ జేబులో పెట్టేసి రిబ్బను వెతుక్కున్నాను.

మధ్యాహ్నానికి గాలి లేస్తుందని పరీక్ష ఎనిమిదింటికే మొదలెట్టారు. నేను రిబ్బను కట్టిన బోర్డు భుజాన వేసుకుని కొండెక్కించే లిఫ్టు దిగేసరికి హార్లన్ కాడి మధ్య నిలబడి ఉన్నాడు. వెనక తోక తాడు నెల్ చేతిలో ఉంది. నెల్ జట్టులో పిల్ల, సన్నటి మనిషి, నూట పాతిక పౌన్లుంటుందేమో.

"హార్లన్! ఆగరా!" అని అరిచాను.

వినబడిందో లేదో తెలీదు. కదిలిపోయాడు.

మొదటి మలుపు బాగానే తిరిగాడు. రెండోదీ తిరిగాడు. మూడో మలుపులో దారి రాత్రి గడ్డకట్టి అద్దంలా మెరుస్తోంది. మడమల మీదికి ఒరిగాడు. బోర్డు అతని కింద అట్టముక్కలా వంగడం నాకు పైనించే కనబడింది. బూటు మడమ మంచుని గీరిన చప్పుడు కూడా వినబడింది. అంచు లేచింది. బండి అతని మీదికి వచ్చింది. తాడు వదలకుండా నెల్ ముప్ఫై అడుగులు బోర్లా ఈడ్చుకుపోయింది. ముగ్గురూ, అంటే బండితో కలిపి, కంచె దగ్గర ఆగారు.

నేను దగ్గరికి వెళ్ళేసరికి హార్లన్ కళ్ళు తెరిచే ఉన్నాడు. భుజం ఎముక చర్మాన్ని పైకి పొడుస్తోంది. నెల్ గడ్డం నించి రక్తం కారుతోంది.

"మామా, ఆ రిబ్బనేంటి?" అన్నాడు.

రిబ్బను పీకి జేబులో కుక్కుకున్నాను.

ఆసుపత్రి వరండాలో జట్టు పెద్ద గ్రెచెన్ కాఫీ గ్లాసుతో నా పక్కన కూర్చుంది. "మంచు మరీ గట్టిగా ఉంది. అలాంటి పొద్దున ఎవరు పడినా నేను తప్పు పట్టను. ఎముక అతుక్కున్నాక ఫిబ్రవరిలో మళ్ళీ పెడతాను పరీక్ష. అప్పటిదాకా కంపెనీ ఇంట్లోనే ఉండమని చెప్పు," అంది.

కొరీన్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. అక్కడితో నేను ఇంటికెళ్ళి పడుకోవలసింది.

ఊళ్ళో మాటలు నిలవనివ్వలేదు. సారా కొట్లో ఒకడు, "కొవ్వుతో బండి దింపుతాడంట," అన్నాడు. నా ఒళ్ళు మండింది. మనిషిది కాదురా తప్పు, బోర్డుది అని ఎవరికైనా చెప్పాలనిపించింది. పైగా ఫిబ్రవరికి సరైన బోర్డు ఇవ్వాలంటే గ్రెచెన్‌కి సంగతి తెలియాలిగా. మూడో రోజు పొద్దున్నే ఆమె ఆఫీసుకెళ్ళాను.

"అమ్మా, వాడు పడింది బోర్డు ఇరుకై. నా వల్లే. నేను తూకం నొక్కి అందరి ముందూ నవ్వులపాలు చేశాను. వాడు సిగ్గుపడి బరువు తగ్గించి రాశాడు. నాకు ముందురోజే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు."

ఆమె కలం కింద పెట్టింది. "ఎంత తగ్గించాడు?"

అప్పుడైనా అర్థం కావలసింది. "అరవై," అన్నాను.

"ఇరవై అయితే నవ్వి ఊరుకునేదాన్ని." హార్లన్ సంతకం పెట్టిన అద్దె కాగితం నకలు తన సొరుగులోంచి తీసింది. "ఇది నాకూ వస్తుంది. ముందున్న మనిషి బరువు చూసే వెనక తాడు ఎవరికివ్వాలో తేలుస్తాను. రెండొందల నలభై అని చూసి నెల్‌ని పెట్టాను. మూడొందలని తెలిస్తే ఆ పిల్లని పెట్టేదాన్నా?"

"నేను కాలు పెట్టకపోతే వాడు అలా రాసేవాడు కాదమ్మా!"

"కాలు నీది. సంతకం అతనిది. తాడు పట్టుకున్నవాళ్ళకి అబద్ధం చెప్పినవాణ్ణి నేను మళ్ళీ బండి ముందు నిలబెట్టలేను. నెల్ గడ్డానికి పదకొండు కుట్లు పడ్డాయి. నువ్వు చెప్పకపోయి ఉంటే..." అని ఆగి, తల తిప్పుకుంది. "చెప్పావు. ఇంక నాకు తెలుసు."

కాళ్ళు పట్టుకోవడమొక్కటే తక్కువ. ఆమె లేచి తలుపు తీసి నిలబడింది.

నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. కొరీన్ పినతల్లి కూతురు డెబ్బై మైళ్ళ దిగువన తన ఇంటి నేలమాళిగ ఇస్తానంది. సామాను ఎక్కించేరోజు నేను వెళ్ళాను. కొరీన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు రాకు బాబాయ్. ఒకసారి నోరు విప్పి చంపావు, ఇంకోసారి విప్పకుండా చంపావు, మళ్ళీ విప్పి చంపావు. చాలు."

లోపల్నించి హార్లన్ గొంతు వినబడింది. "రానీ కొరీన్. నాకున్నది ఒక చెయ్యి. మంచం ఎవరు మోస్తారు?"

ఆమె తప్పుకుంది గానీ నా వైపు చూడలేదు.

ఇద్దరం మంచం చెరో చివరా పట్టుకున్నాం. వాడు ఎడమ చేత్తోనే ఎత్తాడు. మంచం మధ్యలో కిందికి వంగిపోయి ఉంది. నా నాలుక చివరికి మాట వచ్చేసింది. మింగేశాను. వాడు నా మొహంలోకి చూశాడు.

"ఏంటి మామా, ఏమీ అనవా?"

"ఏం లేదురా. మెట్టు చూసుకో."

"అనొచ్చుగా. ఈ ఊళ్ళో నన్ను చూసి నవ్వేవాళ్ళు కొరవా?"

నా చేతులు మంచం మధ్యకి జరిపి బరువు నా మీద వేసుకున్నాను. మంచం వ్యానులో పెట్టాం. పన్నెండింటికల్లా కంపెనీ మనిషికి తాళం ఇవ్వాలి. వంటింట్లో ఇంకా పొయ్యి ఉంది, బల్ల ఉంది. వాడు ముందు నడిచాడు, నేను వెనకాలే లోపలికెళ్ళాను.