అఖిల ఒక్కపొద్దులు

స్కాలర్‌షిప్ ఇంకా పడలేదని చెప్పుకోవడం కంటే దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడమే సులువని అఖిల ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలోనే కనిపెట్టింది. తండ్రి కిష్టయ్య తెల్లాపూర్‌లో వాచ్‌మన్. ఆ సంగతి చెప్పడానికి ఆమెకు సిగ్గు లేదు. క్యాంటీన్‌లో ఎవరైనా జాలిపడి తన బిల్లు కట్టేస్తారేమోనన్నదే భయం. అందుకని సోమవారం శివుడికి, మంగళవారం హనుమంతుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి ఒక్కపొద్దులు పంచిపెట్టింది. మిగిలిన రోజులకు హాస్టల్లోనే తినొచ్చానన్న మాట ఉండనే ఉంది.

మూడో ఏడాదికి ఆమె భక్తి కాలేజీ అంతా పాకింది. పరీక్షల ముందు హాల్ టికెట్లు తెచ్చి ఆమె చేత ముట్టించుకునేవాళ్లు.

ఒక శనివారం పొద్దున స్కాలర్‌షిప్ పడింది. మధ్యాహ్నం కొత్తగూడ చౌరస్తాలోని హోటల్లో స్నేహితులతో కూర్చుని, ధైర్యంగా చికెన్ బిర్యానీ చెప్పింది. ప్లేటు రాగానే రమ్య లాగేసుకుంది.

"ఈ పొద్దు శనివారం, మర్చిపోయినావామే? పాపం చుట్టుకుంటాది" అంటూ బ్యాగులోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టింది.

అఖిల పండు ఒలుస్తూ మనసులో వెంకన్నను నానా మాటలూ అంది.

బిల్లు ఎప్పటిలాగే సురేంద్ర కట్టాడు. కర్నూలు పిల్లాడు, పక్కవాళ్లను పైసా తియ్యనివ్వడు. బయటికి వచ్చాక అఖిల పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"ఏ వారం ఏ దేవునికో నాకూ కొంచెం రాసియ్యి."

"నీకెందుకు? ఇంత భక్తి ఎప్పటిసంది?"

"నా స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు."