అన్నీ తవ్వాల్సిందే

నన్ను దొంగ అని ఎవరూ అనలేదు. అంటే నేనూ తిరిగి నాలుగు మాటలు అనేదాన్ని. నేను పనిచేసే ఇంటి మదామ్ టీ గ్లాసు కింద పెట్టి, చాలా మర్యాదగా, పోలీసుల దాకా పోనని చెప్పింది. ఖురూజ్ కొట్టిస్తుందట, టికెట్ కూడా తనే కొంటుందట, నేను మా రాయచోటికి వెళ్ళిపోవాలట. ఖురూజ్ అంటే ఇక తిరిగి రావద్దని పంపేసే ముద్ర.

పోయింది ఒక చిన్న బంగారు నాణెం, చిటికెన వేలి గోరంత. మదామ్‌కు వాళ్ళమ్మ ఇచ్చింది. దిష్టి తగలకుండా మనవడి చొక్కాకు పిన్నుతో తగిలించేవాళ్ళు. శుక్రవారం ఇంటిల్లిపాదీ ఖతీఫ్ ఊరి బయట వాళ్ళ ఖర్జూరపు తోటకు పోయాం. పిల్లవాడు పెరుగు ఒలకబోసుకుంటే చొక్కా మార్చింది నేను. ఇంటికొచ్చి చూస్తే పిన్ను ఉంది, నాణెం లేదు. చివరగా చొక్కా తాకింది నా చెయ్యి కాబట్టి నాణెం తీసిందీ నా చెయ్యే. మదామ్ తన ముగ్గురు చెల్లెళ్ళకూ ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది. నేను పక్కనే గిన్నెలు తోముతున్నాను. నాకు అరబ్బీ రాదనుకుందో, వచ్చినా పర్వాలేదనుకుందో.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. మా వీధిలో సగం మంది ఆడవాళ్ళు ఈ అరబ్బు దేశంలో ఇళ్ళల్లో పనిచేసి వచ్చినవాళ్ళే. గడువు తీరకముందే ఇల్లు చేరిన మనిషిని అక్కడెవరూ ఏమీ అడగరు. వాళ్ళే ఊహించుకుంటారు. ఆ పేరు మోసుకుని నేను విమానం ఎక్కను.

తోట వెతకనివ్వమన్నాను. దొరక్కపోతే పోలీసులను పిలుచుకోమన్నాను. ఇంకో షరతు కూడా పెట్టాను. వెతుకుతున్నంతసేపూ మదామ్ వచ్చి అక్కడే కూర్చోవాలి. లేకపోతే దొరికాక కూడా, నేనే పిడికిట్లో తెచ్చి పడేశానంటారు. మదామ్ మొహం ఎర్రబడింది గానీ, సరేనంది.

డ్రైవర్ ఇస్సాక్ అన్న తనకు తెలిసిన భూమేష్‌ను పిలిపించాడు. నిజామాబాద్ వైపు మనిషి, పైపులైన్ల కంపెనీలో టెక్నీషియన్. సెలవు రోజు లోహాలు పసిగట్టే మిషన్ పట్టుకుని సముద్రం ఒడ్డున తిరుగుతూ, జనం ఇసుకలో పోగొట్టుకున్న నాణేలు ఏరుకోవడం అతని సరదా. ఆ మిషన్ ఒక పొడుగు కర్ర, చివర పళ్ళెం. నేల మీద ఊపుతుంటే కింద ఇనుము ఉంటే కప్పలా బెకబెకమంటుందట, మంచి నాణెం ఉంటే గంటలా మోగుతుందట. పైన చిన్న అద్దంలో నంబర్లు కూడా పడతాయి. చెత్త నంబర్లు వస్తే అసలు అరవకుండా దాని నోరు ముందే కట్టేశానని, లేకపోతే చెవులు చిల్లులు పడతాయని నవ్వుతూ చెప్పాడు.

మధ్యాహ్నందాకా ఊపాడు. కొన్ని హలాలా చిల్లర నాణేలు, ఒక తాళంచెవి దొరికాయి. చెట్టు కింద కుర్చీలో మదామ్ అప్పుడప్పుడూ ఫోన్‌లో టైమ్ చూసుకుంటోంది. భూమేష్ నా దగ్గరికొచ్చి, నాణెం ఇక్కడ లేదక్కా అని గొంతు తగ్గించి చెప్పాడు. వెంటనే కోపం వచ్చింది. కోపం వస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది.

"నోరు కట్టేసినవి ఏంటివి?" అని అడిగాను.

"కోక్ డబ్బాల చెవులు, రేకు కాయితాలు. అంత చెత్తనే అక్కా."

"తవ్వకుండానే చెత్త అని ఎట్ల అంటావప్పా?"

భూమేష్ మంచివాడు, అబద్ధమాడలేదు. "చిన్న బంగారం గూడ గదే నంబర్ల వడ్తది. గట్లని అన్ని తవ్వుకుంట వోతే ఈడనే తెల్లారుతది."

నాకు ఒళ్ళు మండింది. నన్నూ ఇలాగే కదా లెక్కగట్టారు, పైన పడిన నంబర్ చూసి. "దాని నోరిప్పు. అన్నిటికీ అరవనీ. నువ్వు ఇను, తవ్వేది నేను," అన్నాను.

మా వైపు వేరుశనగ పీకేశాక ఆ చేలల్లోకి పరిగె ఏరుకోవడానికి పోతాం. రైతు చూపుకు అక్కడ ఇంకేమీ ఉండదు. సాలుకొక మనిషి, వంచిన నడుము ఎత్తకుండా, గడ్డ గడ్డా చిదిపి చూడాలి. ఈ గడ్డలో ఏముంటుందిలే అని దాటేస్తే వెనకొచ్చే ఆడది అందులోంచే కాయ తీసి మన మొహాన చూపిస్తుంది. నా చిన్నతనమంతా ఆ పనే. అందుకే కాలితో ఇసుక మీద సాళ్ళు గీశాను. ఒక్కో సాలూ పట్టుకుని బయల్దేరాం.

మిషన్ అరిచినచోటల్లా తవ్వాను. డబ్బా చెవులు, సీసా మూతలు, మేకులు, పంపు తాలూకు తుప్పు ముక్కలు. ఏదీ పారేయకుండా బకెట్‌లో వేశాను. భూమేష్ మొదట విసుక్కున్నాడు, తర్వాత అతనికీ పట్టుదల వచ్చింది. మదామ్ ఫోన్ చూడడం మానేసి మమ్మల్ని చూస్తోంది.

మిగిలింది శుక్రవారం మాంసం కాల్చుకున్న చోటు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టిన చాపలు దులిపింది దాని పక్కనే. అక్కడంతా రేకే, మిషన్ మోత ఆపదు, అది వదిలేద్దామన్నాడు భూమేష్. "వదిలేసేదానికా ఇంతసేపు తవ్వింది?" అని అక్కడే గొంతుక్కూచున్నాను. రేకు, రేకు, డబ్బా చెవి, మళ్ళీ రేకు. "మల్ల గదే నంబర్," అన్నాడు భూమేష్. బూడిద కింద ఇసుకను పారతో మెల్లగా పక్కకు నెట్టాను. పచ్చగా మెరిసింది.

చెయ్యి పెట్టలేదు. పార అక్కడే వదిలి లేచి, మదామ్‌ను పిలిచి, "మీరే తీసుకోండి, నేను ముట్టలేదు," అన్నాను.

ఆమె ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని నాణెం తీసింది. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని, నాణేన్ని నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఇది నీదే, ఉంచుకో, నన్ను క్షమించు అంది. ఆమె కళ్ళలో నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు.

నాణెం తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను. "ఇది నా దగ్గరుంటే మీరన్న మాట నిజమవుతుంది. మీ చెల్లెళ్ళకు ఫోన్ చేయండి."

మదామ్ నన్ను చూసింది, ఫోన్ తీసింది. పెద్ద చెల్లెలికి చెప్పింది. ఎక్కడ దొరికిందో చెప్పింది, తప్పు తనదేనని చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఇక ఇంటికి పోదామా అన్నట్టు కారు వైపు తిరిగింది.

నేను బకెట్ పక్కనే నిలబడ్డాను.

"ఇంకా ఇద్దరున్నారు," అన్నాను.