నీలి కోటు ముత్తాత

మా ఆయన రత్నకుమార్‌కి అబద్ధాలాడటం చేతకాదు. ఒక్క విషయంలో మాత్రం ఆరితేరిపోయారు. ఎవరైనా తెలుగువాళ్ళు "మీదే ఊరండీ?" అని అడిగితే "తెనాలి పక్కన" అంటారు. "పక్కన అంటే ఎక్కడ?" అని మళ్ళీ అడిగితే "ఎప్పుడో వదిలేశాం లెండి" అని క్రికెట్‌లోకి దిగిపోతారు. ఇంటిపేరు అడిగారా, ఫోన్ మోగినట్టు జేబు తడుముకుంటూ బయటికి నడుస్తారు. పక్కనే కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోతుంది.

అలాగని ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. చదువుకోవడానికి ఆక్లండ్ వచ్చిన కొత్తలో హెండర్సన్ అనే పేటలో తెలుగు కుర్రాళ్ళతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవారు. ఈయనది మాలపల్లె అని తెలిశాక వాళ్ళు ఈయన కంచం, గ్లాసు, గిన్నెలు ఒక అట్టపెట్టెలో సర్ది గరాజ్‌లో పెట్టారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఈయనే బ్యాగు సర్దుకుని వచ్చేశారు. అప్పటినుంచి మేమెవరమో ఆక్లండ్‌లో మా తెలుగు స్నేహితులెవరికీ తెలియదు. తెలియకుండా చూసుకోవడమే ఆయనకి రెండో ఉద్యోగమైపోయింది. మొదటి ఉద్యోగం ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో.

ఆయన ఇండియా నుంచి బయలుదేరేటప్పుడు మా అత్తగారు సూట్‌కేసులో బట్టల మధ్య ఒక ఫోటో పెట్టి పంపారు. అంబేడ్కర్ ఫోటో. నీలి కోటు, కళ్ళజోడు, చేతిలో పుస్తకం. ఆక్లండ్‌లోనే పాపటోయిటోయి పేటలో మేం ఇల్లు తీసుకున్నాక కూడా అది హాల్లోకి రాలేదు. పడగ్గదిలో అల్మారా తలుపుకి లోపలివైపు మేకు కొట్టి తగిలించారు. మా సిరి ఐదేళ్ళప్పుడు ఒకరోజు ఆ తలుపు తెరిచి "ఎవరు డాడీ?" అని అడిగింది. ఈయన "మీ ముత్తాత" అనేశారు.

"అదేంటండీ, పిల్లకి అలా చెప్పారు?" అన్నాను తర్వాత.

"పేరు చెబితే ఇంటికొచ్చినోళ్ళందరికీ అప్పజెప్పేస్తది సునందా. ముత్తాత అంటే ఎవరూ పట్టించుకోరు. పెద్దయ్యాక చెబుదాంలే."

ఆ తర్వాత ముత్తాత కథలు మొదలయ్యాయి. బడిలో అందరితో పాటు కూర్చోనివ్వకపోతే ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్న ముత్తాత. దాహమేస్తే ఇంకొకరు పైనుంచి పోస్తేగానీ నీళ్ళు తాగడానికి వీల్లేని ముత్తాత. ఓడెక్కి అమెరికా వెళ్ళి, చదువుకుని, తిరిగొచ్చి దేశానికంతటికీ రాజ్యాంగం రాసిన ముత్తాత. సిరి ఆ కథలు వింటూ నిద్రపోయేది. చెబుతున్నంతసేపూ మా ఆయన ముఖం వెలిగిపోయేది. అది చూసి నేనూ నోరు మూసుకున్నాను.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఈ మార్చిలో వాళ్ళ బళ్ళో జాతి వివక్ష గురించి వారం రోజులు పాఠాలు చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రుల్ని పిలిచారు. పిల్లలు ఒక్కొక్కరూ తమ టుపునా ఫోటో తెచ్చి నాలుగు మాటలు చెప్పాలి. టుపునా అంటే మావోరీ భాషలో పూర్వీకులు. నేను మా నాన్న ఫోటో ఒకటి కవర్లో పెట్టి సిరి బ్యాగులో వేశాను.

క్లాసులో మా పక్కనే ప్రణీత కూర్చుంది. పాపటోయిటోయిలో నాకు అందరికంటే దగ్గర స్నేహితురాలు. వాళ్ళబ్బాయి రోహన్, మా సిరి ఒకే క్లాసు. ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలు వాళ్ళింట్లోనో మా ఇంట్లోనో కలిసే చేస్తాం. గుడివాడ నుంచి వచ్చిన వాళ్ళ మామగారు కృష్ణారావుగారు కూడా ఆ రోజు వచ్చారు.

ముందు టీచరే మొదలుపెట్టింది. ఆమె మావోరీ, పేరు మెరె. వాళ్ళ అమ్మమ్మ ఫోటో చూపించి, బళ్ళో సొంత భాష మాట్లాడినందుకు ఆమెని బెత్తంతో కొట్టేవారని చెప్పింది. "ఇవాళ అదే భాషని జీతం తీసుకుని మరీ మీకు నేర్పుతున్నాను" అని నవ్వింది.

"ఎంత అన్యాయం! మనుషుల్ని అట్లా చూస్తారా?" అన్నారు కృష్ణారావుగారు మా ఆయన వైపు వంగి. ఈయన తలూపారు.

తర్వాత సిరి వంతు వచ్చింది. బ్యాగులోంచి కవరు తీస్తుందనుకున్నాను. ఫ్రేముతో సహా అల్మారా ఫోటోని తీసి గుండెలకి ఆనించి పట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

సిరి ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. గోనెపట్టా చెప్పింది, నీళ్ళు చెప్పింది, ఓడ చెప్పింది. చివర్న "ఈయన మా ముత్తాత" అంది. పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని విన్నారు. అంతలో రోహన్ లేచాడు.

"కాదు! ఈయన విగ్రహం మా తాతయ్య ఊళ్ళో ఉంది. వేలు ఇలా చూపిస్తూ ఉంటాడు. నేను చూశాను. సిరి అబద్ధం చెబుతోంది."

కృష్ణారావుగారు కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగారు. "ఏమ్మా ప్రణీతా, అది వాళ్ళ ఫోటో కదా? వీళ్ళింట్లో ఎందుకుంది?" అన్నారు. తెలుగులోనే అన్నారు, కానీ గొంతు తగ్గించలేదు. ప్రణీత నా వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది.

సిరి ముఖం ఎర్రబడింది. "డాడీ, వాడికి చెప్పు" అంది.

ఈయన ఏమంటారో నాకు తెలుసు. చిన్నపిల్ల, ఏదో పుస్తకాల్లో ఉన్న ఫోటో పొరపాటున తెచ్చేసింది అంటారు. అందరూ నవ్వుతారు. కృష్ణారావుగారు వెనక్కి వాలి కూర్చుంటారు. ఆదివారం భోజనం ఎప్పటిలాగే జరిగిపోతుంది. క్లాసు మొత్తం ముందు నా కూతురు మాత్రం అబద్ధాలకోరుగా మిగిలిపోతుంది. ఆయన ఆ మాట అంటే నేనే లేచి అంతా చెప్పేయాలనుకున్నాను. జీవితంలో ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అప్పటికి ఆయన ఇంకా నోరైనా విప్పలేదు.

ఆయన లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకుని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టారు.

"రోహన్ చెప్పింది నిజం. ఈయన మా తాత కాదు. ఈయన పేరు అంబేడ్కర్. సిరి అబద్ధం చెప్పలేదు, దానికి అబద్ధం చెప్పింది నేను." ఆగి, టీచర్ వైపు తిరిగారు. "మీరు పూర్వీకుల ఫోటో తెమ్మన్నారు. మా తాతకి ఫోటో లేదు. బతికినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఆయన్ని ఎవరూ ఫోటో తీయలేదు. ఊళ్ళోవాళ్ళ పొలాల్లో పనిచేసేవాడు. టీ కొట్లో ఆయన గ్లాసు బయట చూరులో విడిగా ఉండేది. మా అమ్మ బడికి వెళ్ళిందన్నా, నేను కాలేజీకి వెళ్ళానన్నా ఈ ఫోటోలో ఉన్నాయన వల్లే. మా వాళ్ళ ఇళ్ళల్లో, గోడ మీద తాతల ఫోటోలు ఉండాల్సిన చోట ఈయన ఉంటాడు."

తర్వాత కృష్ణారావుగారి వైపు తిరిగి తెలుగులో అన్నారు. "అవునండీ. మా ఫోటోయే."

ఆయన నుదుటి మీద చెమట పట్టి ఉంది. సిరి తండ్రిని గుర్రుగా చూస్తూ అడిగింది.

"మరి అసలు ముత్తాత పేరేంటి?"

"చిన సుబ్బయ్య."

అది క్లాసు వైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది. "మా ముత్తాత పేరు చిన సుబ్బయ్య. ఆయనకి ఫోటో లేదు." చేతిలో ఉన్న ఫ్రేముని ఏం చెయ్యాలో తెలియక ఒక క్షణం దానివంక చూసుకుంది. "ఆయన బదులు ఈయన వచ్చాడు."

ముందు టీచర్ చప్పట్లు కొట్టింది, ఆ తర్వాత పిల్లలు కొట్టారు. కృష్ణారావుగారు ఉక్కగా ఉందంటూ బయటికి వెళ్ళిపోయారు. ప్రణీత కదల్లేదు, ఎందుకంటే తర్వాతి వంతు రోహన్‌ది. వాడు వాళ్ళ ముత్తాత గుర్రం మీద కూర్చున్న ఫోటో చూపించాడు. వాడికీ మేం చప్పట్లు కొట్టాం.

బయట టీ తాగేటప్పుడు ప్రణీత నా దగ్గరికొచ్చింది. "ముందే చెప్పొచ్చు కదా సునందా. మేం ఇట్లాంటివి పట్టించుకుంటామా?" అంది. "ఆదివారం సంగతి ఫోన్ చేస్తాలే" అని కూడా అంది. ఆ ఫోన్ ఇంతవరకూ రాలేదు.

కార్లో నేను డ్రైవ్ చేస్తున్నాను. ఆయన కావాలనే వెనక సీట్లో, సిరి పక్కన కూర్చున్నారు.

"నువ్వు నాకు అబద్ధం చెప్పావు" అంది సిరి, తెలుగులో. కోపమొచ్చినప్పుడు తప్ప అది తెలుగు మాట్లాడదు.

"అవునమ్మా."

"ఇంకా ఏమేం అబద్ధాలు చెప్పావు?"

అద్దంలో ఆయన ముఖం చూశాను. జేబు తడుముకోలేదు, క్రికెట్ ఎత్తలేదు. "మా ఊరు తెనాలి పక్కన అని చెప్పాను కదా. ఆ ఊరి పేరు చెబుతా విను" అన్నారు. పేరు చెప్పారు. పల్లె ఊరికి ఎంత దూరమో, మంచినీళ్ళు ఎక్కడ తెచ్చుకునేవాళ్ళో, బళ్ళో ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరు కూర్చోనన్నారో ఒక్కొక్కటే చెబుతున్నారు. అందులో కొన్ని నేనూ ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపూ వచ్చింది, గర్వంగానూ ఉంది.

మా వీధి మలుపు వచ్చేసింది. ఆయన కథ ఇంకా మూడో తరగతిలోనే ఉంది. నేను ఇండికేటర్ ఆపేసి కారు తిన్నగా పోనిచ్చాను.