మేవిస్‌కు రావలసిన వెండి టీపాట్

సుద్దపొడి కాస్త ఎక్కువైంది, అమ్మ ఉంటే చేతి మీద ఒక్కటి వేసేది, వెండిని తోమకూడదే ఆడ్రీ, నిమరాలి, పిల్లి వీపు నిమిరినట్టు, అనేది, నిమురుతూనే ఉంది ఆడ్రీ, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, మూత చుట్టూ ఉన్న పూసల అంచు వెంట, రెండు నలభై బండికి మేవిస్ అక్క దిగుతుంది, లడ్లో స్టేషన్ నుంచి మిట్ట ఎక్కి రావడానికి పావుగంట, అక్క మోకాళ్ళకి అరగంట, ఆ తర్వాత ఈ టీపాట్ అక్క ఉండే ష్రూస్‌బరీ వెళ్ళిపోతుంది, వెళ్ళనీ, అమ్మ వీలునామాలో పెద్దదానికని రాసింది కదా, నూట ఎనభై ఏళ్ళుగా పెద్ద కూతుళ్ళకు టీపాట్ వస్తోంది, చిన్న కూతుళ్ళకు తోమడం వస్తోంది, అనుకుని తనలో తనే నవ్వుకుంది, టీపాట్ అడుగున మేలి వెండికి కొట్టే నడిచే సింహం ముద్ర, పక్కన చేసినావిడ పొడి అక్షరాలు ఇ.పి., ఎలినార్ ప్రౌట్, లండన్‌లో వెండిపని చేసే భర్త పోయాక అతని సుత్తి తానే అందుకున్న ఆవిడ, అమ్మ చెప్పిన కథే, ఎంతవరకు నిజమో, అయినా ఆడ్రీకి చిన్నప్పటినుంచీ ఆవిడంటే చనువు, ఇంట్లో పిన్నితో ఉన్నట్టు, రేకు ఎంత పల్చగా సాగగొట్టావమ్మా, పిడికి నల్లకర్ర పెట్టావు చెయ్యి కాలకుండా, ఎవరి చెయ్యో తెలియకుండానే, కొమ్ము పక్కన ఈ సొట్ట మాత్రం ఆవిడది కాదు, ఆడ్రీది, ఏడేళ్ళప్పుడు కడగబోయి రాతి గచ్చు మీద జారవిడిచింది, నాన్న పరిగెత్తుకొచ్చేలోపు, నేనే నాన్నా, చెయ్యి జారింది, అనేసింది మేవిస్, వారం రోజులు కేకు లేదు అక్కకి, తన ముక్కలో సగం బల్ల కింద నుంచి అందిస్తే అందులోని సోంపు గింజలు మాత్రం ఏరి తిరిగి ఇచ్చేది, మహాతల్లి.

ఆ మేవిసే, అమ్మని పాతిపెట్టి వచ్చిన రోజు, ఇదే వంటింట్లో, పదకొండేళ్ళు అమ్మ దగ్గర ఉన్నాననేగా నీ పొగరు, అంది, నువ్వు పదకొండు ఆదివారాలైనా వచ్చావా, అంది తను, అక్క టోపీ వంకరగా పెట్టుకుని వెళ్ళిపోయింది, టీపాట్ ఇక్కడే వదిలేసి, మూడేళ్ళు, క్రిస్మస్ కార్డు ముక్కైనా లేదు.

గేటు చప్పుడు, గబగబా సుద్ద కడిగేసి చేతులు తుడుచుకునే లోపే తలుపు తోసుకుని వచ్చేసింది, ఎంత చిక్కిపోయింది అక్క, ఆ కోటులో మనిషి ఏదీ, చేతిలో వల సంచి, అందులో నాలుగు కమలాలు, అంతే, టీపాట్ చుట్టడానికి గుడ్డైనా తేలేదే, ఏమిటే ఆ చూపు, అంది అక్క, ముందు నీళ్ళు పెట్టు, మిట్ట ఎక్కేసరికి ప్రాణం పోయింది, పెట్టే ఉంచాను కూర్చో అక్కా, టీ దేంట్లో పోస్తున్నావ్, ఇందులోనే, నీదేగా, తీసుకెళ్ళడానికేగా వచ్చావ్, తీసుకెళ్ళి ఏం చేసుకోనే, ఒంటి గది నాది, వెండిలో టీ ఎప్పుడూ పెన్నీ బిళ్ళ నాకినట్టే ఉంటుంది నాకు, అమ్మకి చెప్పలేక తాగేదాన్ని, మరి ఎందుకొచ్చావు అని ఆడ్రీ మొహమే అడిగింది కాబోలు, నువ్వు ఉత్తరం రాశావుగా, వచ్చి నీ వస్తువు పట్టుకుపో, లేదంటే వేలానికి పంపిస్తా అని, ఎంత ముద్దుగా రాశావే, పోస్టువాడి ముందే నవ్వేశాను, పాపం దీనికి పిలవడం ఇంతకంటే రాదు అనుకున్నాను.

ఆవిరి కళ్ళలోకి కొట్టింది, ఆవిరే, కప్పులోకి సన్నటి ధార, ఒక్క చుక్క బయట పడకుండా, అక్క కమలాపండు ఒలుస్తూ తిడుతూనే ఉంది, పాలు ముందు పోయాలని ఎన్నిసార్లు చెప్పాలే, ఆ కర్టెన్లు ఉతికి ఎన్నాళ్ళయింది, ఆ జుట్టేమిటి, ఐదింటికి నాకు బండి ఉందిగా, ఆదివారాలు ఆ బండి ఉండదక్కా, అంది తను, ఇవాళ శనివారమని ఇద్దరికీ తెలుసు, అక్క కోటు విప్పి కుర్చీకి తగిలించింది, పొద్దున్నే లేచి ఈ ఇంట్లో ఏదో లేదని ఆడ్రీ మూడేళ్ళు వెతుక్కున్నది ఈ గొంతునే, తనని తిట్టే హక్కున్న మనిషి లోకంలో ఇంకొక్కతే మిగిలింది, ఆ ఒక్కతీ ఎదురుగా కూర్చుని ఉంది.