సరుకు మనమే

ఉదయం షిఫ్టుకు వెళ్తున్న కాలర్ అక్క తన అన్నావదినల వాకిట్లో నిలబడిపోయింది. అద్దె బాకీ పడ్డారని ఇంటాయన వాళ్ళ సామాను వీధిలో పెట్టిస్తున్నాడు. ముందు పరుపు వచ్చింది, తర్వాత స్టవ్వు, ఆ తర్వాత అట్టపెట్టెలు. ఒక పెట్టె అడుగు ఊడి, బలం పొడి డబ్బాలు మురుగుకాలవ దాకా దొర్లుకుంటూ పోయాయి. నడుం విరిగి మంచం పట్టిన అన్నను ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోసుకొచ్చి గోడవారన దించారు. అన్న చెల్లెల్ని చూసి తల దించుకున్నాడు. వదిన మాత్రం నిదానంగా చూసింది. వంగి డబ్బాలు ఏరుకోసాగింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ డబ్బాలు వదినకు అంటగట్టింది కాలర్ అక్కే.

ఇద్దరిదీ ఒకే బట్టల ఫ్యాక్టరీ. వదిన ఇస్త్రీ సెక్షన్, ఈమె చొక్కాలకు కాలర్లు కుడుతుంది. అందుకే ఆ పేరు. రెండేళ్ళ కిందట, బాత్రూముకు వెళ్తే జీతం కోస్తామని మేనేజరు నోటీసు అంటిస్తే, ఆడవాళ్ళందరినీ కూడగట్టి ఆ నోటీసు అతని చేతే చింపించింది. అప్పటినుంచి ఆమె గీసిన గీత ఎవరూ దాటరు. ఆ సంగతి కోటు సారు కనిపెట్టాడు. ఒకప్పుడు అక్కడే సూపర్‌వైజరు, ఇప్పుడు బలం పొడి కంపెనీలో పెద్ద తలకాయ. మండుటెండలో కూడా కోటు విప్పడు. నువ్వు డబ్బాలు కొనిపించి పదిమందిని చేర్పించు, వాళ్ళు తలా పదిమందిని చేర్పిస్తారు, డబ్బు కాళ్ళొచ్చి నీ ఇంటికి నడుస్తుందని అరచేతిలో స్వర్గం చూపించాడు.

“పోరాడి నువ్వు వాళ్ళకు బాత్రూముకు పది నిమిషాలు ఇప్పించావు తల్లీ. నేను బతుకు ఇప్పిస్తానంటున్నాను,” అన్నాడు.

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఆమె ముప్పైమందిని చేర్పించి, కంపెనీ మాటల్లో వాళ్ళకు ‘పైవాళ్ళ’లో చేరింది. వదిన, అన్న వైద్యానికి దాచినదీ, ఇంటద్దె డబ్బూ తెచ్చి పెట్టింది. నెల తిరక్కుండా కాలర్ అక్కకు కమీషను వచ్చింది. ఆ సంతోషంలో వదినకు కొత్త చెప్పులు కొనిపెట్టింది. వదిన డబ్బుతోనే వదినకు చెప్పులు కొన్నానని అప్పుడు తెలియలేదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. ఎవరి మంచం కింద చూసినా డబ్బాలే. నిన్ను చూసే కదా చేరామన్నారు. గుండీలు కుట్టే పిన్ని ఒక్కతే అడ్డం వచ్చింది. పద్ధతి మంచిదేననీ, మనిషే దొంగ అనీ ఆమె వాదన. చేరడానికి డబ్బు అడక్కుండా, మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటే ఇది న్యాయంగానే నడుస్తుందంది.

మిషన్లు బాగుచేసే మెకానిక్ బాబాయి అంతా విని ఒకటే అడిగాడు. కంపెనీలో చేరని బయటివాళ్ళు ఈ పొడి కొని, బాగుందని మళ్ళీ వచ్చి కొన్నారా? ఒకామె తన మేనమామ కొన్నాడంది. మళ్ళీ కొన్నాడా అంటే, లేదు, మొహమాటానికి ఒక్కసారి కొన్నాడంది.

“పిన్ని చెప్పినట్టు నడిస్తే అది మామూలు అంగడమ్మా. అక్కడ సరుకు అమ్మితే కూలి. ఇక్కడ మనిషిని తెస్తే కూలి. వాడు అమ్ముతున్నది పొడి కాదు. సరుకు మనమే,” అన్నాడు బాబాయి.

చివరికి పిన్నే, మనకు కుట్టడం వచ్చు కదా అంది. బాబాయి పాత మిషన్లు బాగుచేస్తే బడిసంచులు కుట్టి బయటివాళ్ళకు అమ్మొచ్చు. అందరిదీ సమాన వాటా, మనిషికొక ఓటు, కుట్టినదానికే కూలి, మనిషిని తెచ్చినందుకు చిల్లిగవ్వ కూడా లేదు. మళ్ళీ చేతులు కాల్చుకోమంటావా అని కొందరు కస్సుమన్నారు. గొడవ తేలలేదు. డబ్బాలు ముందు వాడి మొహాన వెయ్యాలన్నది మాత్రం తేలింది.

ఆదివారం అద్దె హాలులో కంపెనీ సభ. ఊరి నలుమూలల నుంచి జనం వచ్చారు. కోటు సారు కాలర్ అక్కను వేదిక మీదికి పిలిచి, తన విజయగాథ చెప్పమని మైకు చేతికిచ్చాడు.

“నాకొచ్చిన కమీషను మా వదిన ఇంటద్దె. నేను పొడి అమ్మలేదు. వీళ్ళకు నామీద ఉన్న నమ్మకాన్ని అమ్మాను. మీరూ అదే అమ్ముతున్నారు,” అంది ఆమె.

ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వరసగా వచ్చి డబ్బాలు వేదిక అంచున పెట్టారు. కోటు సారు చిరునవ్వు చెదరనివ్వలేదు. డబ్బు వసూలు చేసింది ఈమేననీ, రసీదుల మీద సంతకాలన్నీ ఈమెవేననీ చెప్పి చేతులు దులుపుకున్నాడు. నీ చేత్తో రాసిస్తే వాళ్ళకు ధైర్యమని ఆనాడు రాయించింది అతనే. సభ బందోబస్తుకని అతను పిలిపించుకున్న పోలీసులు గుమ్మంలోనే ఉన్నారు. వాళ్ళు కాలర్ అక్కను స్టేషన్‌కు తీసుకెళ్తే, ఆడవాళ్ళంతా వెంట నడిచారు.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ఆడవాళ్ళతో మెత్తగా మాట్లాడాడు. మీరు మోసపోయినవాళ్ళు, మీ మీద కేసు లేదు, మిమ్మల్ని చేర్పించింది ఈమేనని సంతకం పెట్టి ఇళ్ళకు పొమ్మన్నాడు. కాగితం ముందుగా ఇస్త్రీ వదిన ముందు పెట్టాడు. ఆమె ఆడపడుచుతో మాట్లాడి అయిదు రోజులైంది. కాలర్ అక్క గోడకేసి చూస్తూ నిలబడింది. వదిన పెడితే ఆ సంతకం న్యాయమే అనుకుంది.

“నన్ను చేర్పించింది కంపెనీ. అలా రాయండి,” అంది వదిన.

రసీదు మీద సంతకం ఎవరిదని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

“చొక్కా మేం కుడతాం. దానిమీద పేరు మాది ఉండదు, కంపెనీది ఉంటుంది. అది చిరిగితే కుట్టినదాన్ని పట్టుకుంటారా?” అని, ఆడపడుచు వైపు తిరిగింది. “అమ్మాయ్, నిన్ను నేను క్షమించలేదు. అది మనింటి సంగతి. ఆ కోటువాడికి మాత్రం నిన్ను అప్పజెప్పను.”

పిన్ని ముందుకొచ్చి, నేనూ నలుగురిని చేర్పించాను, నా పేరూ రాసుకోమంది. తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత అందరూ. ఇన్‌స్పెక్టరు కలం మూసి, కాలర్ అక్కను లాకప్‌లో పెట్టించాడు. ఆడవాళ్ళు కదల్లేదు. స్టేషన్ మెట్ల మీదే కూర్చుని కంపెనీ మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు.

సాయంత్రానికి, హాలులో కాలర్ అక్క మాటలు విన్నవాళ్ళు ఒక్కరొక్కరే ఆ మెట్ల దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ళెవరూ ఈ ఫ్యాక్టరీవాళ్ళు కారు. ఒకామె మెట్ల దగ్గర తచ్చాడుతూ, తన ఫిర్యాదు ఎవరికివ్వాలనీ, మీలో పైవాళ్ళెవరనీ అడగడం లోపల కాలర్ అక్కకు వినబడింది.

“ఇక్కడ పైవాళ్ళు లేరు,” అంది వదిన గొంతు. “జరగండే, ఆమెను కూర్చోనివ్వండి.”